ఫుల్ ఇన్సూరెన్స్ ఉందన్నారు, మరి బంపర్ మీద గీతకు 18 వేలు ఎందుకు? బాడుగ కారు డ్యామేజీ లెక్కలు

పోయిన కార్తీకంలో మా పిన్ని కొడుకు బెంగళూరు నుంచి పెళ్ళాం పిల్లలతో వచ్చినాడు, కొండకు పోవాలి, కాళహస్తి చూడాలి, కుదిరితే అరుణాచలం కూడా అని ప్లాను. డ్రైవర్‌తో బండి మాట్లాడితే బత్తా, వెయిటింగు అన్నీ కలిపి ఎక్కువైపోతుందని సెల్ఫ్ డ్రైవ్ కారు బాడుగకు తీసుకున్నాడు, రోజుకు 2 వేలు, అడ్వాన్సు 5 వేలు. తాళాలు ఇచ్చేటప్పుడు షాపతను చెప్పింది ఒకటే మాట, "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది సార్, మీరేం టెన్షన్ పడొద్దు." మూడో రోజు రాత్రి తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర బండి తిరిగి అప్పజెప్పడానికి నేనూ తోడు పోయినా. అతను ఫోన్ టార్చి వేసుకుని కారు చుట్టూ తిరిగి, వెనక బంపర్ దగ్గర గొంతుక్కూర్చుని వేలితో తడిమి చూసినాడు. జానెడు గీత. "బంపర్ మార్చాల సార్, 18 వేలు అవుతుంది" అన్నాడు. "ఇన్సూరెన్స్ ఉందన్నారు కదన్నా" అని మావాడు అడిగితే వచ్చిన జవాబు ఇది: "ఇన్సూరెన్స్ బండికి సార్, డ్యామేజీ మీకు."

విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. తర్వాత కూర్చుని కాగితాలన్నీ చదివినాక తెలిసింది ఏందంటే, ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజం కూడా కాదు. తిరుపతిలో బాడుగ కార్లు, స్కూటర్లు తీసుకునే యాత్రికులు ఎంతమందో, వాళ్ళందరూ ఈ ఒక్క మాట దగ్గరే తికమక పడతారు, అందుకే వివరంగా రాస్తున్నా.

పాలసీ వేరు, బాడుగ కాగితం వేరు

బాడుగ బండి మీద రెండు ఒప్పందాలు నడుస్తా ఉంటాయి. ఒకటి ఓనర్‌కూ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య, అదే పాలసీ. రెండోది ఓనర్‌కూ మనకూ మధ్య, అదే మనం సంతకం పెట్టే కాగితం, లేదా యాప్‌లో చదవకుండా నొక్కేసే టిక్కు మార్కు. పాలసీలో మన పేరు ఎక్కడా ఉండదు. బండి దెబ్బతింటే కంపెనీ డబ్బు ఇచ్చేది ఓనర్‌కే. మన దగ్గర ఓనర్ ఎంత వసూలు చేయొచ్చు అన్నది రెండో కాగితంలో ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య మిగిలే ఖాళీనే మనకు డ్యామేజ్ చార్జీగా వచ్చి పడేది.

ఇంక "ఫుల్ ఇన్సూరెన్స్" అన్నది అందరం వాడే మాటే గానీ పాలసీలో ఆ అర్థంతో ఉండదు. ఉండేవి రెండు భాగాలు. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల బయటివాళ్ళకు జరిగిన నష్టానికి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146 ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఇందులో మనుషులకు దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా పరిహారానికి పైపరిమితి లేదు, ప్రమాద కేసుల ట్రిబ్యునల్ ఎంత తేలిస్తే అంత, ఆస్తి నష్టానికి మాత్రం కార్లకు 7.5 లక్షల వరకు. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే ఆ బండికే జరిగిన నష్టానికి. ఈ రెండూ కలిపి తీసుకుంటే కాంప్రహెన్సివ్ లేదా ప్యాకేజ్ పాలసీ అంటారు, జనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది దాన్నే. కానీ ప్యాకేజ్ పాలసీ ఉన్నా రిపేర్ బిల్లు మొత్తం కంపెనీ కట్టదు, ఎంత కట్టదో లెక్క వేసి చూద్దాం.

28 వేల బిల్లులో కంపెనీ ఇచ్చేదెంత

కారు వయసు మూడేళ్ళు దాటింది అనుకుందాం. రేణిగుంట రోడ్డులో ఆటోకు తగిలి బంపర్ పగిలింది, ఒక డోర్ సొట్ట పోయి మార్చాల్సి వచ్చింది. బిల్లు ఇట్ల వచ్చిందనుకోండి: బంపర్ 6 వేలు, డోర్ 10 వేలు, పెయింటింగ్ 8 వేలు, లేబర్ 4 వేలు, మొత్తం 28 వేలు.

ఇప్పుడు కంపెనీ తరుగు కోస్తుంది, దాన్నే డిప్రిసియేషన్ అంటారు. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ పార్టులకు, టైర్లకు, బ్యాటరీకి బండి వయసుతో పని లేకుండా 50 శాతం కోత. ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం. అద్దాలకు కోత లేదు. ఇనుము పార్టులకు వయసును బట్టి, మొదటి ఆర్నెల్లు ఏమీ లేదు, ఏడాది లోపు 5, రెండేళ్ళ లోపు 10, మూడేళ్ళ లోపు 15, నాలుగేళ్ళ లోపు 25, అయిదేళ్ళ లోపు 35, పదేళ్ళ లోపు 40, ఆ పైన 50 శాతం. పెయింటింగ్ బిల్లు ఒకే మొత్తంగా ఉంటే అందులో నాలుగో వంతు రంగు ఖర్చు అనుకుని దాని మీద మాత్రం 50 శాతం కోస్తారు.

మన లెక్కలో బంపర్‌కు 3 వేలు వస్తుంది, డోర్‌కు 25 శాతం పోయి 7,500, పెయింటింగ్‌లో రంగు వాటా 2 వేలు, అందులో వెయ్యి పోయి 7 వేలు, లేబర్ 4 వేలు మొత్తం ఇస్తారు. అన్నీ కలిపితే 21,500. ఇందులోంచి కంపల్సరీ డిడక్టిబుల్ పోతుంది, అంటే ప్రతి క్లెయిమ్‌లో ఓనర్ చేతి నుంచి పెట్టుకోవాల్సిన మొత్తం. అది వెయ్యి అనుకుంటే కంపెనీ ఇచ్చేది 20,500, ఓనర్ జేబులోంచి పోయేది 7,500. ఓనర్ జీరో డిప్ అనే యాడ్ ఆన్ (అదనపు ప్రీమియంతో వచ్చే కవర్) కట్టి ఉంటే తరుగు కోత ఉండదు, అప్పుడు పోయేది దాదాపు ఆ వెయ్యే.

ఇక్కడ నేను అందరికీ నొక్కి చెప్పాలనుకునేది ఒకటుంది. మన దగ్గర 28 వేలు తీసుకుని, మళ్ళీ కంపెనీ దగ్గర 20,500 క్లెయిమ్ చేసుకుంటే, ఒకే దెబ్బకు రెండు చోట్ల వసూలు చేసినట్టు. ఇన్సూరెన్స్ అనేది జరిగిన నష్టం పూడ్చడానికే తప్ప లాభానికి కాదు, అది దాని మూలసూత్రం. కాబట్టి "ఇది క్లెయిమ్‌కు పెడుతున్నారా, లేదా" అన్న ప్రశ్న చాలా ముఖ్యమైంది, చాలామంది అడగరు, మావాడికీ ఆ రాత్రి వెంటనే తోచలేదు.

ఓనర్ వైపు నుంచి కూడా చూడాలి కదా

ఓనర్లు చెప్పేది ఊరికే కొట్టిపారేసేది కాదు. క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఏడాదిపాటు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, వరసగా రెండేళ్ళకు 25, మూడేళ్ళకు 35, నాలుగేళ్ళకు 45, అయిదేళ్ళకు 50. బోనస్ లేని ప్రీమియం 10 వేలు అనుకుందాం, 35 శాతంలో ఉన్న బండి ఈ ఏడు కూడా క్లెయిమ్ లేకుండా గడిస్తే వచ్చే ఏడు 5,500 కడితే చాలు. ఒక్క క్లెయిమ్ పెడితే పూర్తి 10 వేలు కట్టాలి. అంటే 4,500 తేడా, ఆ మరుసటి ఏడు కూడా కింద మెట్టు నుంచే మొదలు కాబట్టి అప్పుడూ నష్టమే. అందుకే చిన్న గీతలకు, సొట్టలకు ఎవరూ క్లెయిమ్‌కు పోరు, కస్టమర్ దగ్గరే తీసుకుంటారు, దాంట్లో తప్పు లేదు.

రెండోది షెడ్డులో ఉన్న రోజుల బాడుగ, డౌన్‌టైమ్ చార్జీ అంటారు. బండి అయిదు రోజులు షెడ్డులో ఉంటే రోజుకు 2 వేలు లెక్కన 10 వేలు అడుగుతారు, మామూలు పాలసీ ఇది ఇవ్వదు. ఇందులో వాదన ఎక్కడంటే, ఆ అయిదు రోజులూ బండి నిజంగా బాడుగకు పోయుండేదా అని. బ్రహ్మోత్సవాలప్పుడో వైకుంఠ ఏకాదశికో అయితే మన ఊర్లో బండి ఖాళీగా ఉండదు, ఓనర్ మాట నిజం. అదే జనం లేని వారం మధ్య రోజుల్లో అయితే అంత గట్టిగా చెప్పలేం, పైగా బండి తిరగలేదు కాబట్టి అరుగుదల, సర్వీసు ఖర్చు మిగిలింది కదా అని కస్టమర్ అనొచ్చు.

పైన చెప్పిన ప్రమాదంలో ఓనర్‌కు పోయింది చూస్తే 7,500, బోనస్ 4,500, రోజుల బాడుగ అయిదు రోజులూ ఒప్పుకుంటే 10 వేలు, మొత్తం 22 వేలు. జీరో డిప్ ఉండి, రోజుల బాడుగ సగమే న్యాయం అనుకుంటే పది, పదకొండు వేలు. క్లెయిమే పెట్టకపోతే 28 వేలు ప్లస్ రోజుల బాడుగ. ఒకే దెబ్బకు మూడు అంకెలు, మూడూ లెక్క చూపించగలిగినవే. లెక్క చూపించకుండా నోటితో చెప్పే అంకె మాత్రం వేరే సంగతి.

తెల్ల ప్లేటు బండిలో ఉన్న ప్రమాదం

సెల్ఫ్ డ్రైవ్ బాడుగకు రిజిస్టర్ అయిన బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. డ్రైవర్‌తో తిరిగే ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. సొంత బండికి తెల్ల ప్లేటు. బాడుగ క్యాబ్‌లకు 1989లో, బాడుగ మోటారు సైకిళ్ళకు 1997లో కేంద్రం స్కీములు తెచ్చింది, వాటి కింద లైసెన్సు తీసుకుని నడపాలి, 1989 స్కీమ్‌లో కనీసం 50 క్యాబ్‌లు ఉండాలని కూడా రాసినారు. చిన్న ఊర్లలో రెండు మూడు కార్లతో నడిపేవాళ్ళకు అది అందే లెక్క కాదు, అందుకే సొంత తెల్ల ప్లేటు కార్లనే బాడుగకు ఇచ్చేవాళ్ళు కనిపిస్తారు.

అది నేరుగా ఇన్సూరెన్స్‌ను తాకుతుంది. ప్రైవేటు కారు పాలసీలో బండిని బాడుగకు వాడకూడదని స్పష్టంగా రాసి ఉంటుంది. బాడుగలో ఉండగా దెబ్బ తింటే కంపెనీ ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిప్పికొట్టొచ్చు. అట్లని మొత్తం ఎగ్గొట్టడం కూడా సరికాదని సుప్రీంకోర్టు చెప్పింది, 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో, 2010లో అమలేందు సాహూ కేసులో. ఇట్లాంటివి నాన్ స్టాండర్డ్ పద్ధతిలో, అంటే షరతు తప్పినందుకు కొంత కోసి తేల్చాలంది, మొదటి కేసులో 75 శాతం ఇప్పించింది. కానీ అంతదాకా కోర్టులో కొట్లాడే ఓనర్ ఎవరు, వాళ్ళకు సులువైన దారి మన అడ్వాన్సే.

థర్డ్ పార్టీ విషయంలో ఇంకా పెద్ద భయం ఉంది. ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందనుకోండి, పాలసీ షరతు తప్పినారని కంపెనీ వాదిస్తుంది. దెబ్బ తిన్నవాళ్ళు రోడ్డున పడకూడదని చాలా కేసుల్లో కోర్టులు "ముందు కంపెనీ కట్టి తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోమని" తీర్పులు ఇస్తాయి, లైసెన్సు గొడవల్లో ఈ దారి చూపించింది 2004 నాటి స్వరణ్ సింగ్ కేసు తీర్పు. ఓనర్ దగ్గర రాబట్టుకుంటే ఓనర్ ఊరుకుంటాడా, బాడుగ కాగితంలో "అన్ని నష్టాలకూ కస్టమర్‌దే బాధ్యత" అన్న లైను పట్టుకుని మన మీదికి వస్తాడు. బండి నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే రిజిస్ట్రేషన్ ఏ తరగతిదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో రెండు నిమిషాల్లో కనిపిస్తుంది.

డ్రైవర్‌తో బండి మాట్లాడుకుంటే ఈ బాధలు దాదాపు లేవు, స్టీరింగ్ వాళ్ళ చేతిలో ఉంటుంది కాబట్టి దెబ్బలు వాళ్ళవే, సీట్లు చింపినా ఏదైనా విరగ్గొట్టినా తప్ప.

డ్యామేజ్ ప్రొటెక్షన్ అని యాప్‌లో అడిగే డబ్బు

యాప్‌లలో బుక్ చేస్తే మూడు నాలుగు వందలు అదనంగా కట్టమని, కడితే మీ బాధ్యత ఇంతకు మించదని చూపిస్తుంది. ఇది చాలాచోట్ల ఇన్సూరెన్స్ పాలసీ కాదు, బాడుగకు ఇచ్చేవాడు మనకు ఇచ్చే మాట, "ఇంతకు పైన నేను అడగను" అని. ఉదాహరణకు పరిమితి 5 వేలు అని ఉంటే పైన చెప్పిన 28 వేల బిల్లులో మనది 5 వేలే. మంచిదే. కానీ కింద చిన్న అక్షరాల్లో మినహాయింపులు ఉంటాయి, టైర్లు, బండి అడుగు భాగం, తాళాలు పోగొట్టుకోవడం, స్పీడ్ లిమిట్ దాటడం, తాగి నడపడం, పేరు ఇవ్వని ఇంకొకరు నడపడం, రాష్ట్రం దాటడం లాంటివి. ఇవి ఒక్కొక్క చోట ఒక్కో రకంగా ఉంటాయి.

మన ఊరి నుంచి తీసుకునేవాళ్ళకు ఆఖరిది చాలా పెద్ద విషయం. చిత్తూరు దాటితే తమిళనాడే కదా, వేలూరు గోల్డెన్ టెంపుల్, కంచి, అరుణాచలం అన్నీ అటే. ఇన్సూరెన్స్ పాలసీకి రాష్ట్రం సరిహద్దు అడ్డం కాదు, దేశమంతా చెల్లుతుంది. కానీ బాడుగ కాగితంలో "ఆంధ్రా దాటకూడదు" అని ఉంటే, తిరువణ్ణామలైలో ఎవడో వెనక నుంచి గుద్దినా సరే ప్రొటెక్షన్ చెల్లదు అనే అవకాశం వాళ్ళకుంది. బండి పర్మిట్, అక్కడి ట్యాక్సు సంగతి వేరే.

ఘాట్ రోడ్డులో కాలిన క్లచ్, అండర్ బ్రిడ్జిలో నీళ్ళు

ఇది మన తిరుపతికే ప్రత్యేకమైన గొడవ. కొండ ఎక్కే రెండో ఘాట్ రోడ్డు దాదాపు 18 కిలోమీటర్లు, మలుపుల్లో ముందు బస్సు నిదానిస్తే అలవాటు లేనివాళ్ళు హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెడతారు, కాసేపటికి కాలిన వాసన. తిరిగి ఇచ్చినాక ఓనర్ "క్లచ్ ప్లేట్ పోయింది" అంటాడు. ఇన్సూరెన్స్ దీనికి పైసా ఇవ్వదు, ఎందుకంటే అరుగుదల, మెకానికల్‌గా చెడిపోవడం పాలసీలోనే మినహాయింపు. ప్రొటెక్షన్ ప్లాన్లు కూడా సాధారణంగా ఇవ్వవు. అంటే ఇది పూర్తిగా ఓనర్‌కూ మనకూ మధ్యే తేలాలి.

ఓనర్ వాదన, మీ చేతిలోనే కాలింది, మొత్తం మీరే పెట్టండి. కస్టమర్ వాదన, అంతకుముందే వందమంది తొక్కి అరగదీసినారు, చివర్లో నా చేతికి వచ్చింది. రెండింట్లోనూ నిజం ఉంది. లెక్కగా చూస్తే ఇట్ల ఆలోచించొచ్చు: క్లచ్ సెట్ లేబర్‌తో 12 వేలు, 80 వేల కిలోమీటర్లు రావాల్సిందనుకుందాం, బండి ఆ సెట్ మీద ఇప్పటికే 60 వేలు తిరిగింది. మిగిలింది నాలుగో వంతు ఆయుష్షు, దాని విలువ 3 వేలు. కస్టమర్ తప్పే అని ఒప్పుకున్నా కాల్చేసింది ఆ 3 వేల విలువనే, కొత్త సెట్ మొత్తం కాదు. అదే కొత్తగా వేసి 5 వేల కిలోమీటర్లే అయ్యుంటే ఓనర్ అడిగే మొత్తం చాలావరకు న్యాయమే. టైర్లకూ దాదాపు ఇదే తర్కం, పాలసీలో కూడా టైరు ఒక్కటే పగిలితే ఏమీ రాదు, బండికి కూడా అదే సమయంలో దెబ్బ తగిలితేనే, అదీ సగం.

నీళ్ళ సంగతి. వానాకాలం వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలబడతాయి, 2021 నవంబరు వానలకు ఊరు సగం మునిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. పార్క్ చేసిన బండి వరదలో మునిగితే ఓన్ డ్యామేజ్ కింద వస్తుంది. కానీ నీళ్ళలో ఆగిపోయిన బండిని మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొడితే ఇంజన్ లోపలికి నీళ్ళు పోయి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, దాన్ని ప్రమాదం వల్ల నేరుగా జరిగింది కాదు, తర్వాత చేసిన పని వల్ల జరిగింది అని కంపెనీలు తిప్పికొడతాయి. ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా యాడ్ ఆన్ ఉంటేనే వస్తుంది. ఇంజన్ బిల్లు లక్ష దాటడం పెద్ద విషయం కాదు, బాడుగ డ్యామేజీల్లో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే.

బండికి సరే, నడిపేవాడికి దెబ్బ తగిలితే?

దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు బాధ ఇక్కడే. పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుందని చాలామందికి తెలుసు. అది ఓనర్ డ్రైవర్‌కు, అంటే ఆర్సీలో పేరున్న మనిషి నడుపుతున్నప్పుడు. బాడుగకు తీసుకున్న మనకు అది వర్తించదు. పోనీ థర్డ్ పార్టీ కింద అడుగుదామంటే, వేరేవాళ్ళ బండి తీసుకుని నడిపేవాడు ఓనర్ స్థానంలోకి వచ్చేస్తాడు కాబట్టి అతను థర్డ్ పార్టీ కాడని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు అడిగి తీసుకున్న మోటారు సైకిల్‌ది. అంటే బాడుగ స్కూటర్ మీద కాణిపాకం పోతా, ఎవరి తప్పూ లేకుండా గుంతలో పడి కాలు విరిగితే, ఆ బండి ఇన్సూరెన్స్ నుంచి మనకు ఏమీ రాకపోవచ్చు. వెనక కూర్చున్నవాళ్ళకు కూడా థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న టూ వీలర్ పాలసీలో రక్షణ లేదని 2006లో తిలక్ సింగ్ కేసులో తేలింది, ప్యాకేజ్ పాలసీ అయితే పరిస్థితి వేరు. మన సొంత హెల్త్ ఇన్సూరెన్సో, విడిగా తీసుకున్న యాక్సిడెంట్ పాలసీయో ఉంటే అదే ఆదుకునేది.

సంతకం పెట్టేసినాక ఇంక అడగడానికి లేదా

షాపులవాళ్ళు గట్టిగా పట్టుకునేది సంతకాన్నే. "గీతకు 10 వేలు అని కాగితంలో ఉంది, మీరు సంతకం పెట్టినారు." ఒప్పందానికి విలువ ఉంది, కాదనలేం, అంకె ముందే రాసుకుంటే తర్వాత గొడవ ఉండదన్నది కూడా సబబైన మాటే. కానీ 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ఏం చెప్తుందంటే, ఒప్పందంలో రాసిన అంకె పైపరిమితి మాత్రమే, ఇప్పించేది సమంజసమైన పరిహారమే. 2015లో కైలాష్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు, నష్టమే జరగనప్పుడు ఊరికే అడ్వాన్సు మింగేయడం కుదరదని వివరంగా చెప్పింది. నష్టాన్ని లెక్కగట్టడం సాధ్యం కానప్పుడు మాత్రమే ముందే రాసుకున్న అంకెకు బలం ఎక్కువ, బంపర్ గీతకు బిల్లు ఉంటుంది కాబట్టి అది లెక్కగట్టగలిగిందే.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయపు ఒప్పందం అనే మాట కొత్తగా వచ్చింది, మరీ ఎక్కువ డిపాజిట్ అడగడం, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా వేయడం రెండూ అందులో పేర్లతో సహా ఉన్నాయి. చిన్న చిక్కు ఏందంటే, ఒప్పందమే అన్యాయం అని కొట్టేయించాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్ దాకా పోవాలి, సేవలో లోపం అని అడ్వాన్సు వెనక్కి అడగడానికైతే జిల్లా కమిషన్ చాలు, మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అంతకంటే ముందు వినియోగదారుల కోసం 1915 హెల్ప్‌లైన్ ఉంది. 5 వేల కోసం ఎవరు తిరుగుతారు అన్నది నిజమే, షాపులవాళ్ళకూ ఆ సంగతి తెలుసు, మన చేతిలో బిల్లు, వీడియో ఉంటే మాత్రం మాట మారుతుంది.

మావాడి దగ్గర వీడియో ఉంది. బండి తీసుకున్న రోజు పొద్దున వాళ్ళ పాప ఫోన్ పట్టుకుని కారు చుట్టూ తిరుగుతా తీసింది, "మా కొత్త కారు" అని చెప్పుకుంటా. అందులో వెనక బంపర్ మీద ఆ గీత ఎడమ సగం కనిపిస్తా ఉంది. టార్చి వెలుతుర్లో మళ్ళీ చూస్తే నిజమే, ఎడమ సగంలో మట్టి, పాలిష్ తెలుపు పేరుకుపోయి గోరుకు నున్నగా తగిలింది, కుడి సగంలో ప్లాస్టిక్ పొట్టు ఇంకా లేచి గరుగ్గా ఉంది, ఆ సగం కారు మా దగ్గరున్న రోజుల్లో పడిందే, కాళహస్తి పార్కింగులో కావచ్చు. కుడి సగం మాదేనని మేము ఒప్పుకున్నాం, ఎడమ సగం పాతదని అతను ఒప్పుకున్నాడు. క్లెయిమ్‌కు పెడతారా అని అడిగితే లేదన్నాడు, అయితే షెడ్డు బిల్లు పంపండి, అంతే కోసుకోండి అన్నాం. నాలుగు రోజులకు బిల్లు ఫోటో వచ్చింది, వెనక బంపర్ పెయింటింగ్ 3,200. మిగిలిన 1,800 అదే రోజు సాయంత్రం ఫోన్‌పేలో పడింది. బంపర్ మార్చినట్టు బిల్లులో ఎక్కడా లేదు.